పక్కింటి మీటరు

వేసవి 38వ రోజు. మాది 16. పక్కింటిది 14.

ఏ ఇల్లు ఏ రోజు ఎంత కరెంటు మిగిల్చిందో, ఎలా మిగిల్చిందో ఎవరి ఇంటి పుస్తకంలో వాళ్ళు రాసి పెట్టుకోవాలని మా ఏడో బ్లాకు నియమం. నాలుగేళ్ళుగా నేను ఒక్కరోజు తప్పకుండా రాస్తున్నాను. మామూలుగా రెండు వాక్యాల్లో ముగిస్తాను. ఇవాళ ముగించలేను.

పొద్దున ఆరున్నరకు మెట్ల దగ్గర బోర్డు మారుతుంది. నలభై రెండు ఇళ్ళ నెంబర్లు, వాటి పక్కన నిన్న ఒక్కో ఇల్లు వాడిన గింజలు. మా పెద్దవాళ్ళు యూనిట్లు అనేవారట. మేం గింజలంటాం. మిద్దె మీది సోలార్ పలకలు పగలంతా ఏరి తెచ్చినదాన్ని ధాన్యంలా ఇంటింటికీ కొలిచి పోస్తారు కాబట్టి ఆ మాటే నిలిచిపోయింది. ఇంటికి రోజుకు ముప్పై. అందరికన్నా తక్కువ వాడిన ఇంటి నెంబరు పక్కన పచ్చదీపం వెలుగుతుంది. నాలుగు వేసవులుగా ఆ దీపం 17 పక్కనే ఉంది. అంటే నా పక్కనే.

ఇవాళ అది ఒక మెట్టు కిందికి దిగి 18 పక్కన వెలిగింది.

చెడిపోయిందేమో అనుకొని బోర్డును అరచేత్తో రెండుసార్లు కొట్టాను. దీపం కదల్లేదు.

ముప్పై రెండేళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కినవాణ్ణి. కరెంటు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ కారిపోతుందో తిప్పేస్వామికి తెలిసినంతగా ఈ బ్లాకులో ఎవరికీ తెలియదని అందరూ అంటారు. అంటే సంతోషంగా ఉంటుంది, దాచుకోవడం దేనికి? ప్రతి ఆదివారం మెట్ల మీద కూర్చుని పొదుపు గురించి చెబుతాను. వాడని ప్లగ్గులు పీకెయ్యమని, ఫ్యాను రెక్కల మీద దుమ్ము తుడవమని, ఇస్త్రీ మానేసి తడిబట్టలు మడిచి పరుపు కింద పెట్టుకోమని. జనం వింటారు. కింది అంతస్తులోని చలవగది తాళం కూడా నా దగ్గరే ఉంటుంది. వేసవి అరవయ్యో రోజుకు ఎవరి లెక్క తక్కువగా తేలితే ఆ ఏడాదికి తాళం వాళ్ళది. బ్లాకంతటికీ చల్లటి గాలి వచ్చే గది అదొక్కటే.

పద్దెనిమిదో ఇల్లు బ్లాకు కట్టినప్పటినుంచీ ఖాళీగా ఉండేది. ఇరవై రోజుల కిందట సముద్రం మింగేసిన ఊళ్ళ నుంచి మాణిక్యం, ఆమె మొగుడు ఎర్రయ్య వచ్చి చేరారు. ఎర్రయ్య ఉప్పుకొటారుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. పొద్దునా సాయంత్రమూ ఆవిరి మిషను పెట్టుకోకపోతే మనిషి నిలవలేడు. కొత్తవాళ్ళకు మొదటి ఏడాది సగం వాటాయే, పదిహేను గింజలు; మొదటి ఇరవై రోజుల లెక్క బోర్డుకెక్కదు. ఇంతవరకు సగం వాటాతో నెట్టుకొచ్చినవాళ్ళు లేరు. పదో రోజుకల్లా కమిటీ ముందు చెయ్యి చాపుతారు. ఈమె చాపలేదు.

"పాపం, ఆ మిషను పెట్టుకోని ఎట్ల నెట్టుకొస్తాందో" అంది నా భార్య శివగంగ, మజ్జిగ గ్లాసు నా ముందు పెడుతూ. "ఒక దినం పచ్చదీపం పక్కింటికి పోతే ఏం పోయె?"

మజ్జిగ తాగలేదు.

41వ రోజు. మాది 16. పక్కింటిది 14.

నాలుగు రోజులుగా దీపం అక్కడే ఉంది.

శివగంగ మధ్యాహ్నం పక్కింటికి వెళ్ళి గంటసేపు ఉండి వచ్చింది. వచ్చీ రాగానే మొదలుపెట్టింది.

"ఆ మాణిక్యమ్మ అన్నం ఎట్ల వండుతాదో తెలుసునా? ఎసరు పెట్టి, బియ్యం పోసి, ఒక్క పొంగు రాంగానే స్టవ్ ఆర్పేస్తాది. చెక్కపెట్టెలో వరిపొట్టు నింపి పెట్టుకోనుండాది. ఆ పొట్టులో గిన్నె పూడ్చి, మీద పాత బొంత కప్పుతాది. గంటన్నరకు తీస్తే మెతుకు మెతుకు విడివిడిగా ఉంటాది. పప్పు కూడా అంతే. ముందే నానేసుకోని పెట్టెలో పెడతాది."

"అదేం పెద్ద విద్దె?" అన్నాను.

"మరి నీకెందుకు తోచలేదు?"

ఆమె మామూలుగానే అడిగింది. నాకు మాత్రం కళ్ళల్లో కారం పడ్డట్టయింది. నిజమే, నాకెందుకు తోచలేదు? ముప్పై రెండేళ్ళు తీగలు పట్టుకున్న చేతులు పొట్టు దాకా ఎందుకు పోలేదు?

44వ రోజు. మాది 15. పక్కింటిది 14.

వర్క్‌షాపులో పాత చెక్కలు ఏరి పెట్టె చేశాను. రైసుమిల్లు నుంచి మూట పొట్టు తెచ్చాను. "నేనే ఆలోచించినా" అని శివగంగతో అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. మొదటిసారి అన్నం పలుకుగా ఉండిపోయింది. రెండోసారి బాగా ఉడికింది. తింటున్నంతసేపూ పక్కింటి అన్నం తింటున్నట్టే ఉంది.

ఆమె ఏం చేస్తే అది చేస్తున్నాను. తెల్లవారి ఏడింటికల్లా కిటికీలు మూసి, వట్టివేళ్ళ తడికలు వేలాడదీసి గంటకోసారి నీళ్ళు చల్లుతుంది. నేనూ తడికలు తెచ్చాను. పడమటి గోడకు బయటివైపు సున్నం కొట్టింది. నేనూ కొట్టాను. సున్నం మీదికి జనపతాళ్ళు కట్టి కాకరతీగ పాకించింది. నా తీగ ఇంకా మూరెడే ఉంది. ఆమెది కిటికీ దాటింది. రోజూ బాల్కనీలోంచి ఆ రెండు తీగలనూ కొలుస్తున్నాను. ఈ వయసులో ఒక కాకరతీగ మీద కుళ్ళుకుంటానని ఎవరైనా చెప్పివుంటే నవ్వేవాణ్ణి.

ఇంత చేస్తే నాకు తగ్గింది ఒక్క గింజ. పక్కింటిది పద్నాలుగు దగ్గర మేకు కొట్టినట్టు ఉంది. పెరగదు, తగ్గదు.

47వ రోజు. మాది 15. పక్కింటిది 14.

ఆదివారం. ఎప్పటిలాగే ఐదింటికి మెట్ల మీద చాప పరిచాను. ముగ్గురు వచ్చారు. అందులో ఒకాయనకు వినబడదు.

మిగతావాళ్ళు పై అంతస్తులో మాణిక్యం గుమ్మం ముందు ఉన్నారు. నవ్వులు కిందికి వినిపిస్తున్నాయి. చాప చుట్టేసి పైకి వెళ్ళాను. ఆమె గడప మీద కూర్చుని, కొత్తగా పెళ్ళయిన ఒక అమ్మాయికి మట్టికుండకు తడిగుడ్డ ఎలా చుట్టాలో చూపిస్తోంది. కుండ కింద ఇసుక, ఇసుకలో నీళ్ళు. అందులో ఆకుకూర మూడు రోజులు వాడిపోకుండా ఉంటుందట. ఫ్రిజ్జే వద్దట.

నన్ను చూసి లేచి నిలబడింది. సన్నగా, ఎండకు కాగిన రాగిచెంబులా ఉంటుంది మనిషి.

"రండి అన్నయ్యగారండి, కూర్చోండి."

"కూర్చోను లేమ్మా. ఒక మాట అడగాల. ఇన్ని తంటాలు నేనూ పడతాండా. నాకు పదైదు కంటే దిగడం లేదు. మిషను పెట్టుకోని నీకు పద్నాలుగెట్ల వస్తాంది?"

ఆమె నా వంక కాకుండా మా రెండిళ్ళ మధ్య గోడ వంక చూసింది.

"ఏముందండీ. ఉన్నదాంట్లో సర్దుకోవటమే. ఫ్యానేసుకోమండి మేము. దీపం కూడా ఒక్కటే."

"అంతేనా?"

"ఆయ్, అంతేనండి."

ఏదో దాస్తోంది. ముప్పై రెండేళ్ళు దొంగ కనెక్షన్లు పట్టినవాణ్ణి. దాచేవాళ్ళ కళ్ళు ఎటు పోతాయో నాకు తెలుసు. లోపల ఎర్రయ్య దగ్గు వినిపించింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మం ముందున్నవాళ్ళంతా నన్ను, పండగపూట అప్పడాలు తొక్కినవాణ్ణి చూసినట్టు చూశారు.

50వ రోజు. మాది 15. పక్కింటిది 8.

అంకె తప్పుగా రాయలేదు. ఎనిమిది.

నిన్న పొద్దున ఒక పని చేశాను. శివగంగ విత్తనాల షెడ్డుకు పనికి వెళ్ళగానే మా ఫ్రిజ్ ఆపేశాను. ఇంట్లో అందరికన్నా ఎక్కువ తినేది అదే. దాన్ని ఆపితే కనీసం ఐదారు గింజలు తగ్గుతాయి, దీపం మళ్ళీ నాదవుతుంది అనుకున్నాను. సాయంత్రానికి పాలు విరిగాయి. పెరుగు పులిసిపోయింది. శివగంగ ఇంటికి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, మూసి, నా వంక తిరిగింది.

"ఆపితివా?"

"ఒక దినమే."

"పులుసు కాసినా రేపటికి ఉండాలని. దాన్నీ పారబోయాల. ఆయమ్మను గెలవాలని మనం ఏమేం పారబోసుకోవాలో ఒకేసారి చెప్పు, పొద్దున్నే పారబోసి పనికి పోతా."

సరే, తిట్లు పడదాం, పొద్దున దీపం చూసుకుందాం అనుకున్నాను. ఆరున్నరకు బోర్డు మారింది. నాది పదిహేనే. ఒక్క గింజ కూడా తగ్గలేదు. ఆమెది పద్నాలుగు నుంచి ఎనిమిదికి పడిపోయింది.

ఇంట్లో ఫ్రిజ్ ఆపింది నేను. తగ్గింది ఆమెకు.

నేను ఎంత పెద్ద అడుగు వేస్తే అంతకు రెండింతలు వేసి నన్ను వెక్కిరిస్తోంది అనిపించింది. మీటరులో ఏదో చేస్తోంది. ఇంకేం కారణం ఉంటుంది? ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేసి, కాగితం కలం తీసుకున్నాను.

51వ రోజు. మాది 15. పక్కింటిది 14.

కమిటీ పెద్ద ఖాజాబీ దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఒకటో ఇల్లు. ఒకప్పుడు బడిలో లెక్కల టీచరు, ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా ఎక్కం అప్పజెప్పించుకుంటున్నట్టే ఉంటుంది. నా ఫిర్యాదు రెండుసార్లు చదివింది.

"పద్నాలుగు, ఎనిమిది, మళ్ళా పద్నాలుగు" అంది. "ఒక్క దినానికి ఆరు తగ్గి మళ్ళా ఆరు పెరగడం ఎట్లప్పా?"

"అదే నేను అడిగేది. మీటరును ఏమో చేసుండాది."

"నువ్వు చూసినావా?"

"చూడాల్నా మేడం? ముప్పై రెండేండ్లు ఇదే పని నాది."

ఆమె కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడిచింది. మాణిక్యాన్ని పిలిచి అడుగుదాం అంటుందనుకున్నాను. అనలేదు.

"సరే. చెకింగ్ ఆయన పట్నం నుంచి రావాలంటే మూడు దినాలు. అంతవరకు పద్దెనిమిది లైను సీలు వేద్దాం. రేప్పొద్దున తొమ్మిదికి."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. మూడు రోజులు కరెంటు లేకపోతే ఎర్రయ్య మిషను సంగతేమిటని ఆమె అడగలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు. నాకు గుర్తుంది.

52వ రోజు.

ఇవాళ అంకెలు రాయను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొమ్మిదికి ఖాజాబీ, ఇంకో ఇద్దరు కమిటీవాళ్ళు వచ్చారు. మాణిక్యం "మూడ్రోజులాండీ?" అని ఒకసారి అడిగి, లోపలికి వెళ్ళి ఎర్రయ్య కాళ్ళ దగ్గర కూర్చుంది. వరండాలో ఆమె మీటరుకు సీలు వేశారు. నేను మా వంటింట్లో నిలబడి ఉన్నాను.

సీలు పడిన ఆ క్షణంలో మా ఫ్రిజ్ ఆగిపోయింది.

గుర్రుమంటున్నది ఒక్కసారి గొంతు నొక్కినట్టు ఆగింది. తలుపు తీశాను. లోపల దీపం వెలగలేదు. ఫ్యాను తిరుగుతోంది. మా ఇంటికి కరెంటు ఉంది. ఫ్రిజ్‌కు మాత్రం లేదు.

గచ్చు మీద కూర్చుండిపోయాను. నాలుగేళ్ళ కిందట ఈ ఇంట్లో చేరినప్పుడు ఫ్రిజ్‌కు ప్లగ్గు లేదు. ఎలక్ట్రీషియన్ ఎందుకు, నేను లేనా అని నేనే గోడ తొలిచి, మధ్యగోడలో దొరికిన పెట్టెలోంచి తీగ లాగి బిగించాను. ఆ పెట్టె మాదే అనుకున్నాను. కాదు. అది పద్దెనిమిదిది. ఖాళీ ఇల్లు గనక బోర్డు మీద దాని లెక్క పడేది కాదు, నాలుగేళ్ళుగా దాని మీటరు ఎవరూ చూడలేదు. నాలుగేళ్ళుగా నా ఫ్రిజ్ తిన్న గింజలు నా లెక్కలో పడలేదు. నా పదహారు ఎప్పుడూ పదహారు కాదు, ఇరవై రెండు. పచ్చదీపం ఒక్క వేసవి కూడా నాది కాదు.

మాణిక్యం పద్నాలుగులో ఆరు నావి. మిగిలిన ఎనిమిదితో ఆమె వంట చేసుకుంది, దీపం పెట్టుకుంది, మొగుడికి ఊపిరి పోసింది.

అప్పుడు లేచి వెళ్ళి చెప్పి ఉంటే అయిపోయేది. ఖాజాబీ ఇంకా మెట్లు కూడా దిగలేదు. కానీ లేవలేదు. ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు, చెకింగ్ ఆయన వచ్చేలోపు ఒక గంట పని, తీగ మార్చేస్తే ఏ గొడవా ఉండదు. నా బుర్ర ఆ దారినే పోయింది. సిగ్గుతో రాస్తున్నాను, ఇంకో ఆలోచన కూడా వచ్చింది. ఎనిమిది గింజలతో బతకడం నావల్ల కాదు. ఆమె వల్ల అయింది. అది తెలిశాక ముందుకన్నా ఎక్కువ మండింది నాకు.

పన్నెండున్నరకు తలుపు కొట్టింది మాణిక్యం. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.

"అన్నయ్యగారండి, చలవగది తాళం ఇస్తారా? సీలు పడ్డోళ్ళకి ఇళ్ళల్లో ప్లగ్గు ఇవ్వకూడదంటండి, అక్కడైతే ఉందటండి. ఈయనకి పదింటికి పెట్టే మిషను ఇవాళ పెట్టలేదు. ఎగశ్వాస వస్తందండి."

గది తెరిచేది రెండింటి నుంచి నాలుగింటి దాకా. ప్రాణం మీదికొస్తే ఎప్పుడైనా తెరవొచ్చు. అది ప్రాణం మీదికొచ్చిన సంగతో కాదో తేల్చేది తాళం ఉన్నవాడు. తాళం మేకుకు వేలాడుతోంది, చెయ్యి చాపితే అందుతుంది. ఆమె మొహం చూడలేక గడియారం వంక చూశాను.

"రెండింటికి తెరుస్తా కదమ్మా. గంటన్నరే కదా."

ఆమె బతిమాలుతుందని అనుకున్నాను. "అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

ఒంటిగంటా ఇరవైకి మధ్యగోడ మీద దబదబా బాదిన చప్పుడు. చేత్తో కాదు, గిన్నెతో. పరుగెత్తాను. ఎర్రయ్య మంచం మీంచి కిందికి జారి ఉన్నాడు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. మాణిక్యం అతని తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో ఛాతీ రుద్దుతోంది. అతన్ని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాను. ఎంత తేలిగ్గా ఉన్నాడో! నాలుగంతస్తులు దిగాను. వెనకాల ఆమె మిషను పట్టుకుని దిగింది. తాళం చెవి రెండుసార్లు తప్పి మూడోసారి పట్టింది.

మిషను తిరిగింది. పది నిమిషాలు ఏమీ తెలియలేదు. తర్వాత గొంతులో పిల్లికూతలాంటిది మొదలైంది, తర్వాత దగ్గు, తర్వాత కళ్ళు తెరిచాడు. ఆసుపత్రి నర్సు వచ్చి చూసి, ఇంకో పావుగంట ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని చెప్పింది.

శివగంగ షెడ్డు నుంచి పరుగున వచ్చింది. ఖాజాబీ కూడా వచ్చింది. ఖాజాబీని చలవగది బయటికి పిలిచి అంతా చెప్పాను. ప్లగ్గు సంగతి, పెట్టె సంగతి. ఆమె లెక్క సరిచూస్తున్నట్టు నిదానంగా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసె?"

ఇప్పుడే, ఈ మధ్యాహ్నమే అని చెప్పొచ్చు. కాదనగలిగేవాళ్ళు లేరు.

"పొద్దున తొమ్మిదికి" అన్నాను. "ఇంకా నిజం చెప్పాలంటే, నా ఫ్రిజ్ ఆపితే ఆయమ్మకు తగ్గిన దినమే తెలిసుండాల. లైన్‌మన్‌ను. చిన్న పిల్లోనికైనా తెలిసేదే. తెలుసుకోబుద్ధి కాలేదు."

శివగంగ నా వెనకే నిలబడి ఉంది. అంతా వింది. లోపలికి వెళ్ళి మాణిక్యం పక్కన కూర్చుంది.

54వ రోజు. మాది 21. పక్కింటిది 8.

నిన్న పొద్దున్నే సీలు తీసేశారు. నేను గోడ తొలిచి తీగ మార్చాను. ఖాజాబీ పక్కన నిలబడి చూసింది. మాణిక్యం స్టూలు కదలకుండా పట్టుకుంది. వద్దన్నా వినలేదు.

పని అయ్యాక, ఖాజాబీ వెళ్ళాక అన్నాను, "నన్ను తిట్టమ్మా. ఊరికే ఉంటే నాకు బాగలేదు."

"మూడోరోజే తెలిసిందండి నాకు" అంది.

"ఏం తెలిసె?"

"వచ్చిన మూడోరోజు ఇంట్లో అన్నీ ఆపేసి చూశానండి. అయినా మీటరు తిరుగుతానే ఉంది. గోడకి చెవి పెట్టి విన్నాను. మీ ఫ్రిజ్ గుర్రుమన్నప్పుడు తిరుగుతంది, ఆగినప్పుడు ఆగుతంది."

నా చేతిలోని స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మరి చెప్పకపోతివే? ఆ దినం అడిగినా కదా నేను?"

"ఎలా చెప్తానండి? మీరు నాలుగేళ్ళుగా అందరికీ పాఠాలు చెప్పే మనిషి. నేను మొన్న లారీ దిగినదాన్ని. పక్కింటాయన మా కరెంటు వాడేస్తన్నాడంటే నన్నే దొంగంటారు. అదీగాక తాళం మీ దగ్గరుంది. రేపు ఈయనకి ఊపిరాడకపోతే నేను తట్టాల్సింది మీ తలుపేనండి. అందుకని మీ ఆరూ తీసేసి, మిగిలిన తొమ్మిదిలో బతకటం నేర్చుకున్నాను. ఫ్యాను ఆపేశాం. పొట్టుపెట్టె చేసుకున్నాం. మా ఊళ్ళో ఎవరూ అలా వండరండి, అవసరం అయ్యి నేర్చుకున్నదే. ఒక్క గింజ పక్కనుంచేదాన్ని, ఈయనకి మూడోసారి మిషను పెట్టాల్సొస్తే ఉంటుందని."

"అందరూ పచ్చదీపం నీదే అంటాంటే..."

"ఏ దీపమండి?"

బోర్డు అన్నాను. మెట్ల దగ్గరుంటుందే, అది. ఆమె కాసేపు ఆలోచించింది.

"అదాండీ? నీళ్ళ బిందెతో దిగేటప్పుడు అటు చూస్తే కాలు జారుద్దండి. ఎప్పుడూ చూడలేదు."

పదహారు రోజులు నిద్ర మాని పందెం పరుగెత్తాను. పక్కన పరుగెత్తుతున్నదనుకున్న మనిషి బిందె మోసుకుంటూ మెట్లు దిగుతోంది, అంతే.

57వ రోజు. మాది 21. పక్కింటిది 15.

పదిహేను. తన వాటా మొత్తం వాడేసింది. పొద్దున బోర్డు ముందు ఇద్దరు ముగ్గురు చప్పరించారు, "అయ్యో, పెరిగిపోయెనే" అని. నిన్న మధ్యాహ్నమంతా గోడ అవతల ఫ్యాను తిరిగిన చప్పుడు విన్నాను. ఎర్రయ్య ఏదో పాట కూనిరాగం తీశాడు, మధ్యలో దగ్గుతూ. ఆ మనిషికి పాట వచ్చని నాకు తెలియదు.

నా మీద ఏం చర్య తీసుకోవాలని కమిటీ కూర్చుంది. నా వాటాలోంచి రోజుకు ఆరు గింజలు ఏడాదిపాటు పద్దెనిమిదికి వెళ్ళాలని నేనే అడిగాను. ఒప్పుకున్నారు. ఇరవై నాలుగుతో సర్దుకోవాలి. పొట్టుపెట్టె ఉంది, తడికలు ఉన్నాయి. శివగంగ ఐదు రోజుల తర్వాత ఇవాళ నాతో మాట్లాడింది. "ఆ తడికెకు నీళ్ళు చల్లు, ఎండిపోయింది" అంది. చల్లాను.

తాళం ఇక మేకుకే, చలవగది తలుపు పక్కనే ఉంటుంది. ఎవరి ఇంట్లోనూ ఉండదు. అది కూడా కమిటీలో తేల్చారు. మాణిక్యానికి ఇస్తామన్నారు గానీ, ఆమె వద్దంది. "మళ్ళీ ఒకరు ఇంకొకరి తలుపు కొట్టాలాండీ?" అని అడిగింది.

60వ రోజు. మాది 20.

బోర్డు కింద పాలరాతి పలక ఒకటి ఉంది. ఏడాదికి ఒక పేరు. నాలుగూ నావే. వాటిని చెరిపి, ఆయా వేసవుల్లో రెండో స్థానంలో ఉన్నవాళ్ళ పేర్లు రాయమని ఖాజాబీ చెప్పింది. పాత లెక్కల పుస్తకం తానే పట్టుకొచ్చింది. నేను స్టూలు ఎక్కి, తడిగుడ్డతో రంగు తుడిచి, కుంచె పట్టుకున్నాను.

"మొదటి ఏడు?" అన్నాను.

"ముప్పై ఒకటి."

"రెండో ఏడు?"

"ముప్పై ఒకటి."

కుంచె ఆగింది. కిందికి చూశాను. ముప్పై ఒకటి ఆమె ఇల్లే.

"నాలుగేండ్లూ నేనేనప్పా" అంది ఖాజాబీ, పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఒకసారి ఒక్క గింజ తేడా. ఇంకోసారి అరగింజ. నిన్ను చూసి ఎంత కుళ్ళినానో ఆ దేవునికే ఎరుక. ఆదివారం నీ మాటలు వినేదానికి వచ్చేది నేర్చుకునేకి కాదు, ఏం దాస్తాండావో కనిపెట్టేకి."

కుంచె మీది రంగు స్టూలు మీదికి కారింది.

"అందుకే ఆ కొత్తమ్మి మీద నువ్వు కాయితం రాసుకొస్తే, పిలిచి ఒక్క మాటైనా అడగకుండా సీలు వేయిస్తి. నీకు పట్టిన రోగమే నాకూ ఉండె. నిన్ను గెలవలేకపోతిని, ఎవురో వచ్చి ఇరవై దినాలకే గెలిస్తే ఓర్చుకోలేకపోతిని. ఎర్రయ్యకు ఏమన్నా అయ్యుంటే అందులో సగం నాది."

పైన ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

"రెండో ఏడు ఏం చేసినానో తెలుసునా?" అంది. మొహంలో నవ్వు లాంటిది వచ్చింది. "నిన్ను ఎట్లైనా దాటాలని మా ఫ్రిజ్ అమ్మేస్తి. మూడు వేసవులాయ, కుండ నీళ్ళే. ఫ్రిజ్ లేకుండా కూడా వీన్ని దాటలేకపోతాండానే, ఎట్లబ్బా అని తల బద్దలు కొట్టుకుంటి. నీది మటుకు పక్కింటి మీటరు మీద చల్లగా తిరగబట్టె."

ఆమె ముందు నవ్వింది. ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

కుంచె కింద పెట్టి పైకి వెళ్ళాను. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, నాలుగంతస్తులు దిగి వచ్చి ఆమె చేతికిచ్చాను. సీసా మీద చెమట పట్టి ఉంది. ఆమె తాగకుండా ముందు నా మొహం చూసింది.

"ఇవి ఎవురి గింజలతో చల్లబడినాయి?"

"మావే" అన్నాను.

నిలబడే, సీసా దించకుండా, మొత్తం తాగేసింది.